శాపం లేని చిలుక

"పరీక్షకుణ్ణి" అని గురవప్ప గుసగుసగా చెప్పాడు.

"పరిరక్షకుడివా? కాస్త ముందు రావద్దటయ్యా, పంజరం దగ్గర పిట్ట మనిషి లేడు" అంటూ ద్వారపాలకుడు దుందుభయ్య అతని నెత్తిన ఇనుప టోపీ బోర్లించి, చేతికి బల్లెం ఇచ్చి, వీపు మీద ఒక్క చరుపు చరిచి లోపలికి నెట్టాడు. "మహారాజు ఆజ్ఞ విను. పంజరంలోకి పండు పోయినా, పసరు పోయినా, ఈగ పోయినా ముందు నువ్వు పరీక్షించాకే పోవాలి. తెలిసిందా?"

గురవప్పకు ఒక్కటే తెలిసింది, కొంప మునిగిందని.

దుందుభయ్య చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళు కోట నగారా పక్కన నిలబడ్డాడు. అతనికి చెవులు మిగిలాయి గాని వినికిడి మిగల్లేదు. పైగా ఆ ఉదయం ఆ ద్వారాన ఇద్దరు రావలసి ఉంది. ఒకడు గ్రంథాన్ని పరీక్షించే పరీక్షకుడు, ఇంకొకడు పంజరాన్ని కాపాడే పరిరక్షకుడు. వచ్చినవాడు ఎర్రంచు చీర కట్టి, రూపాయంత బొట్టు పెట్టి, చంకన బుట్టతో సోదెమ్మ వేషంలో ఉన్నా దుందుభయ్య ఆశ్చర్యపోలేదు. మౌక్తికపురంలో మారువేషం లేనివాణ్ణే అనుమానిస్తారు.

ఆ రాజ్యంలో ఆచారం అలాంటిది. కొత్త సంగతి కనిపెట్టానంటూ ఎవరైనా తాటాకుల కట్టతో వస్తే, ముందు రచయిత పేరున్న ఆకు ఊడదీసి పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. తరవాత ఆ విద్య ఎరిగిన ముగ్గురిని రహస్యంగా పిలిపిస్తారు. ముగ్గురూ మారువేషాల్లో వచ్చి గ్రంథపరీక్షా మంటపంలో మూడు తెరల వెనక కూర్చుంటారు. గ్రంథానికి ముగ్గురూ ఒప్పుకుంటేనే సింహముద్ర పడుతుంది. మామ రాసిన దాన్ని అల్లుడు మొహమాటానికి మెచ్చుకోకుండా, అల్లుడు రాసిన దాన్ని మామ కక్షకొద్దీ చించకుండా పెద్దలు చేసిన ఏర్పాటు అది. ద్వారం దగ్గర ఒక్కసారి తప్ప, "పరీక్షకుణ్ణి నేనే" అని ఇంకెక్కడ నోరు జారినా దేశబహిష్కారం.

అందుకే గురవప్ప నోరు మూసుకున్నాడు. అడవిలో మూలికలు తవ్వుకుని బతికేవాడు. వేళ్ళు తవ్వేవాడు కనక ఏ మాటనైనా వేళ్ళదాకా వెళ్ళి చూసేవాడు. ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళే దారి లేక పంజరం పక్కన నిలబడ్డాడు.

పంజరమంటే పంజరమా అది. మేలిమి బంగారు కడ్డీలు, కడ్డీకొక పగడాల తీగ, నాలుగు మూలలా నాలుగు నీలాల నెమళ్ళు, పైన పున్నమి చంద్రుణ్ణి చెక్కి బోర్లించినట్టు ముత్యాల గొడుగు. లోపల వెండి ఊయల మీద, నెల కిందటిదాకా రెండు చేతులా కత్తి తిప్పిన యువరాజు వసంతకేతు, ఇప్పుడు రెండు రెక్కలూ ముడుచుకుని జామకాయ కొరుకుతున్నాడు. వేటకు వెళ్ళినప్పుడు జృంభకుడనే మాంత్రికుడు ఎదురుపడి ఆవులించాడు. ఆవులింత అంటువ్యాధి కదా, యువరాజూ ఆవులించాడు. తెరిచిన నోరు మూసుకునేసరికి అది ముక్కయి కూర్చుంది.

"అవ్వా, బల్లెం తలకిందులుగా పట్టుకున్నావు" అన్నాడు యువరాజు.

"సిత్తం దొరా" అని గురవప్ప తిరగేశాడు.

"గొంతు బొంగురుగా ఉందేం?"

"జలుబు దొరా."

"జలుబు చేస్తే మీసం కూడా మొలుస్తుందా?"

గురవప్ప గబుక్కున కొంగు మూతి మీదికి లాక్కున్నాడు.

"కంగారుపడకు. ముక్కు వంకర తిరిగినవాడు ఇంకొకరి మూతికి వంక పెట్టడు" అని యువరాజు నవ్వాడు. చిలుక నవ్వితే గజ్జెల పెట్టె కదిలించినట్టుంది. "ఇవాళ నాకు మందు పూస్తారట. ఎవరో 'శుకమోక్షణం' అనే గ్రంథం, దానితో పాటు పిడతెడు పసరూ పంపారు. మధ్యాహ్నం నగారా మోగే లోపలే పూయాలట. దాటితే పనిచెయ్యదట. అవ్వా, చేతులు వస్తే ముందు ఏం చేస్తానో తెలుసా? వీపు గోక్కుంటాను. తనివితీరా."

తొందరపెట్టే వర్తకుడి దగ్గర వేరు కొనకూడదని తన తాత చెప్పిన మాట గురవప్ప బుర్రలో వేరు పట్టింది.

ఇంతలో గంట మోగింది. మంటపాధ్యక్షురాలు వాగీశ్వరమ్మ పీఠం ఎక్కింది. డెబ్భై ఏళ్ళ మనిషి, చేతిలో గంటం, చెవిలో ఇంకో గంటం, ఎదుటివాడు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మహారాజు కుముదసేనుడు సభలో కూర్చోలేక నిలబడలేక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"మొదటి తెర, తీర్పు చెప్పండి" అంది వాగీశ్వరమ్మ.

"నలభై రెండు చోట్ల అక్షర దోషములున్నవి. అన్నియు దిద్దితిని. తప్పులన్నీ ఒప్పులైనవి కనుక ఒప్పుకొంటిని" అని మొదటి తెర వెనకనుంచి ఒక ముసలి గొంతు పలికింది.

"మందు సంగతి ఏమంటారు?"

"మందా? అక్షరములు చూచుటకే పొద్దు చాలలేదమ్మా. అర్థము జోలికి పోలేదు."

వాగీశ్వరమ్మ నిట్టూర్చి రెండో తెర వైపు తిరిగింది. అక్కడినుంచి తేనె కారింది. "ఆహా, ఇంతటి గ్రంథం నా కళ్ళబడడం నా పూర్వజన్మ సుకృతం. ఎడమ రెక్క కింద మూడే చుక్కలు పూయమన్న ఆ సూక్ష్మబుద్ధికి సాష్టాంగం. ఈ రచయిత పూర్వం రాసిన తొమ్మిది గ్రంథాలు కూడా రాజ్యమంతటా చదివించాలని నా మనవి. ఆలస్యం అమృతం విషం. ఒప్పుకున్నాను, ఒప్పుకున్నాను."

పొగడ్తలో పొగ ఎక్కువైందని గురవప్పకు అనిపించింది. కాని అతని గుండె మూడో తెర దగ్గరే కొట్టుకుంటోంది. అది తన తెర. ఖాళీగా ఉంటుంది, తీర్పు ఆగుతుంది, ఆ పైన ఎలాగో ఒకలా సర్దుకోవచ్చు.

"మూడో తెర?"

తెర వెనక ఎవరో గట్టిగా గొంతు సవరించుకున్నారు. గురవప్పకు బల్లెం జారబోయింది.

"లేపాను" అంది ఆ గొంతు.

"ఏమిటి లేపారు?" అంది వాగీశ్వరమ్మ.

"గ్రంథం. ఎడం చేత్తో లేపాను. బరువు బాగుంది. దారం లాగి చూశాను, గట్టిది. సరుకు మంచిదే."

సభ తల ఊపింది. "గ్రంథానికి బరువుందట. సూత్రం గట్టిదట. ఎంత సూత్రప్రాయంగా చెప్పాడు మహానుభావుడు" అని పండితులు ఒకరి చెవి ఒకరు కొరుక్కున్నారు. శంఖాలు మోగాయి. మహారాజు ముద్ర పడేదాకా కూడా ఆగకుండా పసరు పిడత పట్టుకుని పంజరం దగ్గరకు పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే భటులు తాటాకుల కట్ట, దానికి కట్టిన తీర్పుల ఆకులూ పట్టుకొచ్చారు.

గురవప్ప బల్లెం అడ్డం పెట్టాడు.

"అవ్వా, తప్పుకో" అన్నాడు మహారాజు.

"తప్పుకుంటే తప్పవుద్ది మహాప్రభూ. పంజరంలోకి పసరు పోయినా ముందు నన్ను పరీక్షించమన్నది తమరే."

మహారాజు ఆగాడు. ఆజ్ఞ తనదే. "సరే, ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూడు. త్వరగా."

"నా నాలిక మీద ఎందుకు ప్రభూ, నేను చిలకనా? చిలక మందు చిలక మీదే చూడాల. ముందు ఆ ఆకులు ఇప్పించండి."

సోదెమ్మ ఆకులు అడిగిందేమిటని సభ ముక్కున వేలేసుకుంది. గురవప్ప కట్ట విప్పి చకచకా చదివాడు. ఒకసారి ఆగి, మళ్ళీ వెనక్కి తిప్పి చదివాడు. "పెక్కు చిలకల మీద చేసి చూశామని రాశారు. పెక్కంటే ఎన్ని? మూడా, ముప్పయ్యా? ఆ చిలకలు శాపం తగిలినవా, తగలనివా? ఒక్క ముక్కా లేదు."

పీఠం మీద వాగీశ్వరమ్మ చెవిలో గంటం తీసి ముందుకు వంగింది. కాపలావాళ్ళు అడిగే ప్రశ్నలు కావు ఇవి.

"శాపం లేని చిలకకి మందెందుకే పిచ్చిదానా?" అన్నాడు మహారాజు.

"అందుకే ప్రభూ పూసి చూడాల. మా పేటలో ఒకడు తలనొప్పికి లేపనం అమ్మేవాడు. రాస్తే నొప్పి మాయం. అందరూ ఎగబడి కొన్నారు. మా తాత నొప్పి లేని తలకి రాసి చూశాడు. తల మొద్దుబారింది. నొప్పిని తీసే మందు కాదది, తలని తీసే మందు. ఇదీ అంతే. శాపం విప్పే పసరే అయితే, శాపం లేని చిలక చిలకలాగే ఉండాల. అది కూడా మారిందనుకోండి, ఇది విప్పే మందు కాదు. ఇంకో ముడి వేసే మందు."

"మహారాజా, పొద్దు నడినెత్తికి వస్తోంది. సోదెదాని సోది వింటూ కూర్చుంటారా?" అని రెండో తెర వెనకనుంచి తేనె గొంతు కాస్త పులిసింది.

మహారాజు సూర్యుణ్ణి చూశాడు, పిడతను చూశాడు, కొడుకును చూశాడు. మధ్యాహ్నం దాటితే కొడుకు జన్మంతా జామకాయల పాలు. దాటకముందు పూస్తే ఏమవుతాడో చెప్పేవాడు లేడు.

"నాన్నగారూ" అన్నాడు యువరాజు ఊయల దిగి. "నెల రోజులు జామకాయలు తిన్నాను, ఇంకో గడియ తింటే పొట్ట పగలదు. పూసేది నా ఒంటికి. చూడనివ్వండి."

"తోటలోంచి చిలకను పట్టుకురండి" అన్నాడు మహారాజు నీరసంగా.

జామతోట మాలి ఒక బొద్దు చిలుకను తెచ్చాడు. జామకాయలు తప్ప దానికి శాపాలూ లేవు, కోపాలూ లేవు. గురవప్ప పిడతలో పుల్ల ముంచి దాని ఎడమ రెక్క కింద మూడు చుక్కలు పూశాడు.

ఒక్క లిప్త. ఆకుపచ్చని పొగ సుడి తిరిగింది. ఆ సుడిలో నెమలిపింఛాల రంగులు, ఇంద్రధనుస్సు తునకలు, వెయ్యి గాజులు ఒక్కసారి గలగలలాడిన చప్పుడు. పొగ విడిపోగానే ఎదురుగా ఆజానుబాహువు, అరవిందనేత్రుడు, చెవుల కుండలాలతో, భుజాన ఉత్తరీయంతో యువరాజు వసంతకేతు నిలబడి ఉన్నాడు. పుట్టుమచ్చతో సహా.

సభ హోరెత్తింది. మహారాజు, ఏ చిలకకు పూశారో మరిచిపోయి, వెళ్ళి కౌగిలించుకున్నాడు. "నాయనా, వచ్చావా?"

"నాయనా, వచ్చావా?" అన్నాడు కొత్త యువరాజు.

"నేనెవరినో గుర్తుపట్టావా?"

"నేనెవరినో గుర్తుపట్టావా?"

"నువ్వు యువరాజువి కదరా."

"నువ్వు యువరాజువి కదరా."

ఎదుటివాడు అంత నమ్మకంగా చెప్పేసరికి మహారాజుకు ఒక్క క్షణం తన మీదే అనుమానం వచ్చింది. ఇంతలో కొత్త యువరాజు ఒక్క గంతులో సింహాసనం వీపు మీదికి ఎగిరి, కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "జామకాయ, జామకాయ" అన్నాడు.

"నాన్నగారూ, మీ కొడుకు ఇక్కడున్నాడు" అన్నాడు పంజరంలోంచి యువరాజు. "నాకూ అదే పూసి ఉంటే నా బుర్ర కూడా అలాగే అయ్యేది. ఎవరేం చెబితే అదే పలికే రాజు దొరికేవాడు మీకు."

సభ నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో, చిలుక చెవులున్న కొత్త యువరాజు రెండో తెర వైపు తల వాల్చి విని, గట్టిగా, స్పష్టంగా పలికాడు: "ఛీ, ఈ సోదెది నా పథకమంతా పాడుచేసింది."

అందరి తలలూ రెండో తెర వైపు తిరిగాయి.

"ఇంకో మాట అమ్మగారూ" అన్నాడు గురవప్ప వాగీశ్వరమ్మతో. "పుస్తకంలో 'రెక్క కింద' అనే ఉంది. ఏ రెక్కో లేదు, ఎన్ని చుక్కలో లేదు. కావాలంటే చూడండి. మరి రెండో తెర అయ్యవారికి ఎడమ రెక్కనీ, మూడు చుక్కలనీ ఎవరు చెప్పారు?"

వాగీశ్వరమ్మ ఆకులు తిప్పి చూసింది. లేచి నిలబడింది. "తప్పు నాది. ఈ విద్య తెలిసినవాళ్ళు దొరక్క, తగినవాడు ఒకడున్నాడని రచయితే ఉత్తరంలో సూచిస్తే పిలిపించాను."

"తగినవాడే అమ్మగారూ. తనే తనకి తగినవాడు."

గురవప్ప బల్లెంతో తెరను సర్రున చింపాడు.

తెర వెనక తెల్లగడ్డం ఊడిపడింది. ఆ గడ్డం కింద కాటుక కొండలాంటి దేహం, గుహలాంటి నోరు, మెడలో గుడ్లగూబ గోళ్ళ దండ, కళ్ళు రెండు కమ్మరి కొలుములు. జృంభకుడు. ఏ మాటా లేకుండా వాడు నోరు తెరిచి ఆవులించాడు.

సభంతా ఆవులించింది. ఎంత పెద్దవాడైనా ఆవులింత ముందు చిన్నవాడే. మహారాజు ఆవులించాడు, భటులు ఆవులించారు, మొదటి తెర వెనక పండితుడు సంధులు తప్పకుండా ఆవులించాడు. పెదవుల చివర్లు గట్టిపడి ఎరుపెక్కడం మొదలైంది. ఇంకొక్క లిప్త గడిస్తే మౌక్తికపురం మొత్తం చిలకల కొలువే.

గురవప్పకూ దవడలు విచ్చుకుంటున్నాయి. పళ్ళు బిగించి సోదె బుట్టలో చెయ్యి పెట్టాడు. మూలికల గురవప్ప బుట్టలో గవ్వలుంటాయా? మిరియాల పొడి ఉంది. దోసెడు తీసి గాలిలోకి విసిరాడు.

"హాచ్" అన్నాడు మహారాజు. "హాచ్చు" అన్నారు భటులు. తుమ్మేవాడు ఆవులించలేడు, ఆవులించేవాడు తుమ్మలేడు. సాగుతున్న ముక్కులన్నీ ఠపఠప లోపలికి పోయి మామూలు ముక్కులయ్యాయి. చివరికి జృంభకుడు కూడా ఆవులింత మధ్యలో తుమ్మేసరికి, ఊపిరి లోపలికి పోవాలో బయటికి రావాలో తెలియక గుడ్లు తేలేశాడు.

సరిగ్గా అప్పుడే మూడో తెర చీల్చుకుని ఒక బండలాంటి మల్లయోధుడు బయటికి దూకాడు. మీసాలు కొమ్ముల్లా, తొడలు రోళ్ళల్లా. వాగీశ్వరమ్మ చేతిలోని తాటాకుల కట్ట అందుకుని గిరగిర తిప్పి జృంభకుడి నెత్తిన వేశాడు. తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవంటారు గాని, తాటాకు దెబ్బకు మాంత్రికుడు బెదిరాడు. తను రాసిన గ్రంథం బరువెంతో వాడికి అప్పుడే తెలిసింది. గబ్బిలమై కిటికీలోంచి ఎగిరి దక్షిణ సముద్రం వైపు మాయమయ్యాడు. వాడు కనుమరుగు కాగానే సింహాసనం వీపు మీది యువరాజు ముడుచుకుపోయి బొద్దు చిలకై, "హాచ్చు" అంది.

జృంభకుడి జోలె నేల మీద పడి ఉంది. అందులో పాత తాటాకు, సగం కాలింది. గురవప్ప దుమ్ము దులిపి చదివాడు. మొదలంతా 'శుకమోక్షణం' మాటలే. అసలు గ్రంథం ఇదే. వాడు కాజేసి, చివర మార్చి తనదని పంపాడు. శాపం నిజంగా విప్పే తెల్ల పిప్పలి లవణద్వీపంలో శంఖగుహలో మొలుస్తుందని రాసి ఉంది. ఎలా వాడాలో ఉన్న భాగం కాలిపోయింది.

"ఇది నిజమేనంటావా?" అన్నాడు మహారాజు ఆశగా.

"తెలీదు ప్రభూ. పాతదైతే మాత్రం నిజమని ఏముంది? వెళ్ళి, తవ్వి, చేసి చూడాల."

"మళ్ళీ పరీక్షా?" అని యువరాజు మూలిగాడు. "అవ్వా, నా వీపు దురద సంగతేమిటి?"

గురవప్ప కడ్డీల సందులోంచి వేలు పెట్టి వీపు గోకాడు. యువరాజు కళ్ళు మూతలు పడ్డాయి.

"పరిరక్షకుడా, సముద్ర ద్వారంలో నౌక సిద్ధంగా ఉంది. యువరాజుతో నువ్వే బయలుదేరు" అన్నాడు మహారాజు.

"ప్రభూ, ఇదన్యాయం" అని మల్లయోధుడు అడ్డం వచ్చాడు. "పరిరక్షకుణ్ణి నేను. నా పేరు గుండప్ప. ద్వారం దగ్గర ఆ మాటే చెప్పాను. ద్వారపాలకుడు నన్ను తెచ్చి ఆ తెర వెనక కూర్చోబెట్టాడు. ముందు కట్ట పెట్టారు. బరువు పెడితే లేపడం తప్ప నాకింకోటి తెలీదు. లేపాను. ఎలా ఉందన్నారు. ఉన్నమాట చెప్పాను."

సూత్రప్రాయంగా తల ఊపిన పండితులు ఇప్పుడు తలలు దించుకుని కాలి వేళ్ళు లెక్కపెట్టుకున్నారు.

"మరి ఈ అవ్వ ఎవరు?" అన్నాడు మహారాజు.

గురవప్ప నోరు తెరవబోయి, దేశబహిష్కారం గుర్తొచ్చి మూసేశాడు.

"నువ్వు చెప్పకు. చెప్పే పని నాది" అంటూ వాగీశ్వరమ్మ పీఠం దిగి వచ్చింది. అతని నెత్తిన ఇనుప టోపీ తీసి, కొంగు తొలగించింది. మీసం చూసి సభ గొల్లుమంది. "ఎన్ని చిలకలు, ఏ చిలకలు అని అడిగినప్పుడే అనుకున్నాను. వినండి అందరూ. వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు పరీక్షకుడు, ఒకరు పరిరక్షకుడు. మన దుందుభయ్యకు రెండూ ఒకలాగే వినిపించాయి. పంజరం కాయవలసినవాడు గ్రంథం లేపాడు. గ్రంథం చూడవలసినవాడు పంజరం కాశాడు. ఇతను తెర వెనకే కూర్చుని ఉంటే ఒక ఆకు మీద 'ఒప్పుకోను' అని రాసేవాడు. మహారాజు తొందరలో దాన్ని పక్కకు తోసి పసరు పూసేసేవారు. చేతిలో బల్లెం ఉంది కనక ఆగారు."

మహారాజు సిగ్గుపడి మీసం సవరించుకున్నాడు. "అయితే ఇద్దరూ వెళ్ళండి. గుండప్ప తెడ్డు వేస్తాడు, నువ్వు మందు చూడు. ఇంకేం కావాలి?"

"ఆ జామతోట చిలక కావాలి ప్రభూ" అన్నాడు గురవప్ప.

కుడి భుజాన యువరాజు, ఎడమ భుజాన శాపం లేని బొద్దు చిలుక, చంకన బుట్ట, ఒంటి మీద ఇంకా ఎర్రంచు చీర. సముద్ర ద్వారం దగ్గర దుందుభయ్య గడియ తీస్తుంటే సభ సభంతా వెంట వచ్చి, ఆయన చుట్టూ మూగి, ఆయన చేసిన పొరపాటును ఒకే గొంతుతో అరిచి చెప్పింది. కోట గోడల మీది పావురాలు లేచిపోయాయి.

దుందుభయ్య ఓపిగ్గా విని, గురవప్పను ఎగాదిగా చూసి, "మీరిప్పుడు యువరాజుకు తోడిచ్చి పంపేది ఇతన్నే. పొద్దున నేను పంపింది కూడా ఇతన్నే కదా" అన్నాడు.